సీటు దించినంత మాత్రాన సైకిల్ చిన్నదైపోదు

ప్రశ్న: నా ఎత్తు 152 సెం.మీ. మూడు నెలల కిందట మొదటి రోడ్ బైక్ కొన్నాను. ఫ్రేమ్ మీద సైజు 50 అని ఉంది. ‘సీటు దించి ఇస్తాం, మీకు సరిగ్గా సరిపోతుంది’ అన్నారు షాపులో. కాళ్ళు బాగానే అందుతున్నాయి. కానీ 20 కిలోమీటర్లు దాటేసరికి మెడ పట్టేస్తోంది, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. కిందికి వంగి డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) పట్టుకుంటే బ్రేకు అందదు. తొక్కగా తొక్కగా అలవాటవుతుందా, సైకిలే మార్చాలా? మార్చాలంటే ఏం చూసి కొనాలి?
– పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: అలవాటు కాదండీ. నేను 151 సెం.మీ. మీకంటే ఓ సెంటీమీటరు తక్కువే, కాబట్టి ఈ జవాబులో నా సొంత గోడు కూడా కాస్త కలుస్తుంది. నా మొదటి రోడ్ బైక్ 52. రంగు చూసి కొన్నాను. సీటుని మోసే కడ్డీ పూర్తిగా లోపలికి దిగిపోయి, సీటు ఫ్రేముకి అతికించినట్టు ఉండేది. బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడల్లా సీటు ముక్కు మీదికి జారేదాన్ని. రెండేళ్ళపాటు అదే నా తొక్కే పద్ధతి అనుకున్నాను. ఈసారి వెళ్ళినప్పుడు గమనించండి, మీరూ కాసేపటికి అలా ముందుకు జారుతున్నారేమో. జారుతుంటే హ్యాండిల్ దూరమైందని మీ నడుము మీకంటే ముందే కనిపెట్టిందన్నమాట.

షాపువాళ్ళు మీ కాళ్ళు చూశారు, చేతులు చూడలేదు. ప్యాంటు పొడవైతే మడిచి కుట్టించుకోవచ్చు. భుజాలు జారిపోయే చొక్కాని తీసుకెళ్తే దర్జీ తల గోక్కుంటాడు. సైకిల్లో సీటు ఎత్తు ప్యాంటు లాంటిది, చాలావరకు దించుకోవచ్చు. హ్యాండిల్ దూరం భుజాల లాంటిది.

అందుకే 50, 48, ఎక్స్‌ఎస్ అన్న అంకెల్ని నేను పట్టించుకోను. ఒక కంపెనీ 48, ఇంకో కంపెనీ 50 ఒకేలా ఉండొచ్చు. నేను చూసేవి రెండే, రీచ్, స్టాక్. పెడళ్ళు తిరిగే ఇరుసు నుంచి ముందు పైపు (హ్యాండిల్ కింద ఫ్రేములో ఉండేది) పైఅంచు ఎంత ముందుకు ఉందో అది రీచ్, ఎంత ఎత్తున ఉందో అది స్టాక్. చాలా కంపెనీల కొలతల పట్టికల్లో ఇవి ఉంటాయి.

ఇక్కడే ఒక మాయ ఉంది, కాగితం తీసుకోండి. మొదటి ఫ్రేమ్: రీచ్ 370 మి.మీ., స్టాక్ 520, సీటు పైపు (సీటు కింద ఫ్రేములో ఉండే నిలువు పైపు) కోణం 74 డిగ్రీలు. రెండోది దానికంటే ‘చిన్న సైజు’: రీచ్ 375, స్టాక్ 505, కోణం 75.5. పై రాడ్డు పొడవు నేలకి సమాంతరంగా లెక్కేస్తే మొదటిది 519, రెండోది 506. అబ్బ, 13 మి.మీ. తగ్గిందని సంబరపడి రెండోది కొంటాం. తగ్గింది ముందువైపు కాదు, వెనకవైపు! సీటు పైపుని నిటారుగా నిలబెట్టేసరికి సీటు ముందుకొచ్చింది, రాడ్డు పొట్టిగా కనబడింది. మీ మోకాలికి కుదిరేలా సీటుని మళ్ళీ వెనక్కి జరుపుకుంటారు, అక్కడితో ఆ 13 గల్లంతు. మిగిలింది 5 మి.మీ. ఎక్కువ రీచ్. స్టాక్ తక్కువ కాబట్టి స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే ముక్క) కింద 15 మి.మీ. స్పేసర్లు (ఎత్తు పెంచే రింగులు) పెడితే హ్యాండిల్ సుమారు 5 మి.మీ. వెనక్కి వస్తుంది. అంటే రెండు ఫ్రేములూ ఒకటే.

ఎందుకిలా చేస్తారంటే చక్రం వల్ల. ఫ్రేమ్ ఎంత చిన్నదైనా చాలా కంపెనీలు పెద్దవాళ్ళ 700 సైజు చక్రమే బిగిస్తాయి. ముందు చక్రం పాదానికి తగలకుండా ఉండాలంటే దాన్ని దూరంగా పెట్టాలి, కాబట్టి సైజు దిగేకొద్దీ సీటు పైపు పొట్టవుతుంది గానీ రీచ్ పెద్దగా తగ్గదు.

ఇక మీ చేతిలో ఉన్న సైకిల్ సంగతి. అమ్మేసే ముందు దాన్ని కాస్త దారికి తెచ్చుకోవచ్చు.

ముందు సీటు ఎత్తు. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని, రెండు కాళ్ళ మధ్య ఒక అట్ట పుస్తకం నిలువుగా గట్టిగా పైకి నొక్కి, నేల నుంచి దాని పైఅంచు వరకు కొలవండి. ఆ కొలతని 0.883తో గుణిస్తే ఇరుసు నుంచి సీటు పైభాగం వరకు ఉండాల్సిన దూరం సుమారుగా వస్తుంది. మీది 69 సెం.మీ. అనుకుంటే 61కి కాస్త తక్కువ. టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన అమెరికన్ గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన లెక్క ఇది. అక్కడ మొదలుపెట్టి మోకాలు చెప్పినట్టు అటూఇటూ మార్చుకోండి. హ్యాండిల్ అందట్లేదని సీటుని ముందుకి మాత్రం జరపొద్దు. సీటుని కుదర్చాల్సింది పెడళ్ళని బట్టి. అందడం సంగతి ముందువైపే తేల్చుకోవాలి.

ముందువైపు అంటే స్టెమ్. మీ దానికి 90 మి.మీ. ఉంటే 80, ఇంకా కావాలంటే 70 వేయించండి. అంతకంటే పొట్టిది వేస్తే హ్యాండిల్ చేతిలో తేలికైపోయి చిన్న కదలికకే పక్కకి లాగుతుంది. చాలామంది మర్చిపోయేది హ్యాండిల్‌కి కూడా సొంత రీచ్, అంటే అది ముందుకి సాగే దూరం, ఉంటుందన్న సంగతి. 85 మి.మీ. ఉన్నదాని బదులు 70 ఉన్నది వేస్తే బ్రేకు పిడులు 15 మి.మీ. దగ్గరికొస్తాయి. వెడల్పు 36 లేదా 38 సెం.మీ. అడగండి, 40 మన భుజాలకి ఎక్కువ. డ్రాప్స్‌లో బ్రేకు అందకపోవడానికి మందు ఇంకా సులువు. చాలా లివర్లకి దగ్గరగా తెచ్చే చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే వేలు అందేంత దగ్గరికొస్తుంది. తిప్పాక మాత్రం గట్టిగా నొక్కి చూడండి, లివర్ హ్యాండిల్‌కి తగలకుండానే బ్రేకు పూర్తిగా పట్టాలి. నా సైకిల్‌కీ ఆ స్క్రూ ఉందని రెండేళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు నా మీద నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) కూడా చూడండి. చిన్న ఫ్రేములకి కూడా 170 మి.మీ. క్రాంక్ బిగించి అమ్మేస్తుంటారు. 160 వేసి సీటుని 10 మి.మీ. పైకి లేపితే, పెడల్ పైకొచ్చినప్పుడు మోకాలికి 20 మి.మీ. చోటు దొరుకుతుంది. పొట్టలో మోకాలు గుద్దుకోదు. 176 సెం.మీ. ఉన్న టూర్ ద ఫ్రాన్స్ విజేత పొగాచర్ 2024లో 165కి దిగాడు. మనకి 170 ఎందుకు చెప్పండి!

ఇవన్నీ చేశాక ఒక పరీక్ష. సైకిల్‌ని ట్రైనర్ (ఇంట్లోనే తొక్కేందుకు పెట్టే స్టాండు) మీద బిగించి, హుడ్స్ (బ్రేకు పిడుల రబ్బరు భాగం) పట్టుకుని ఓ మోస్తరు బలంతో తొక్కుతూ అరచేతులు ఒక అంగుళం పైకి లేపండి. ముందుకి తూలిపోకుండా కాసేపు ఉండగలిగితే బరువు చేతుల మీద లేనట్టే, ఆ సైకిలే ఉంచుకోండి. తూలితే అమ్మేయండి. కొత్తదానికి వెళ్ళేటప్పుడు ఇప్పుడు కుదిరిన కొలతలు, సీటు ముక్కు కొస నుంచి హ్యాండిల్ మధ్యకి ఎంతో సహా, రాసుకుని టేపు పట్టుకుని వెళ్ళండి.

ప్రశ్న: నెమ్మదిగా మలుపు తిప్పితే బూటు కొన ముందు చక్రానికి తగులుతోంది. ఫ్రేములో లోపమా? కాస్త చిన్నవైన 650బి చక్రాలు వేయిస్తే పోతుందా?

జవాబు: లోపం కాదు, చిన్న ఫ్రేములకి ఉన్నదే. వేగంలో హ్యాండిల్ అంత తిరగదు కాబట్టి తగలదు. నేను గేటు దగ్గర నడక వేగంలో పడ్డాను, మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. ఎడమకి తిరుగుతుంటే కుడి కాలు ముందు ఉండకూడదు, కుడికి తిరుగుతుంటే ఎడమది. అంతే.

650బి అంచు వ్యాసం 584 మి.మీ., 700ది 622. కానీ 650బికి 47 మి.మీ. లావు టైరు వేస్తే మొత్తం వ్యాసం 678. 700కి 28 టైరు వేసినా 678! లాభం కావాలంటే సన్న టైరే వేయాలి, ఫ్రేమ్, బ్రేకులు ఒప్పుకోవాలి. జార్జీనా టెర్రీ అనే అమెరికన్ ఆవిడ 1980లలోనే పొట్టి ఆడవాళ్ళ కోసం ముందు 24 అంగుళాలు, వెనక 700 చక్రంతో సైకిళ్ళు చేసింది. చూడ్డానికి వింతగా ఉంటాయి, లెక్క మాత్రం పక్కా.

ప్రశ్న: పొట్టివాళ్ళు రోడ్ రేసులకి పనికిరారా?

జవాబు: టూర్ ద ఫ్రాన్స్‌లో కొండల రారాజు బిరుదు మొదటిసారి, 1933లో, గెలిచిన విసెంటె ట్రుయెబా ఎత్తు దాదాపు 154 సెం.మీ. 2008లో అదే రేసులో మూడో స్టేజి గెలిచిన శామ్యూల్ డుములాన్ 159. మా గుంపులో నా వెనక తొక్కేవాళ్ళు మాత్రం నేను పొట్టిగా ఉండటంతో తమకి గాలి ఆగట్లేదని సణుగుతుంటారు. అది వాళ్ళ బాధ.