కమ్యూనిటీ సర్వీసా, పాలసీ ప్రాజెక్టా: దేనివల్ల నిజంగా పని నేర్చుకుంటాం?

మీ ప్రశ్న ఇది: చివరి సంవత్సరంలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గానీ పాలసీ ప్రాజెక్టు గానీ తీసుకోవాలి, వీటివల్ల నిజంగా అనుభవం వస్తుందా, లేక సర్టిఫికెట్ కోసం కాలక్షేపమేనా అని. నేను చదువుకునే రోజుల్లో ఈ రెండూ కలిసిన ప్రాజెక్టు ఒకటి చేశాను. ఇప్పటి ఉద్యోగంలో క్లాసులో చదివినదానికంటే అక్కడ నేర్చుకున్నదే ఎక్కువ వాడుతున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అనుభవం వస్తుంది, కానీ ఒక షరతు ఉంది. మీరు రాసే రిపోర్టు కోసం ఎదురుచూసే మనిషి ఒకరుండాలి. దాన్ని చదివి, ఫలానా తేదీలోగా ఏదో ఒకటి నిర్ణయించాల్సిన మనిషి. అలాంటివాళ్లు లేకపోతే మార్కులు వేసే ప్రొఫెసర్ తప్ప దాన్ని ఎవరూ చదవరు, ఆ సంగతి మీకూ ముందే తెలుస్తుంది కాబట్టి పని కూడా అలాగే చేస్తారు.

మాది అద్దె సాయం మీద ప్రాజెక్టు. అర్హత ఉన్న వృద్ధుల్లో చాలామంది ఎందుకు దరఖాస్తు చేసుకోవట్లేదో చూడమని సంక్షేమ శాఖ ఆఫీసు మా డిపార్ట్‌మెంటుని అడిగింది. జనానికి పథకం గురించి తెలియదు, పోస్టర్లు వేస్తే సరిపోతుందని వాళ్ల అంచనా. మేం వెంటనే సర్వే ప్రశ్నలు రాయడం మొదలుపెడతామంటే మా గైడ్ ఒప్పుకోలేదు, ముందు సహాయ కేంద్రంలో కూర్చుని వచ్చినవాళ్లకి ఫారాలు నింపిపెట్టమన్నారు. ఆమె తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే మంచిది అదే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఎందుకంటే ఫారం నింపుతుంటే జనం ఎక్కడ ఆగిపోతున్నారో కళ్లముందే కనిపిస్తుంది. ఆదాయ ధ్రువపత్రం జత చేయాలి, అది ఇచ్చేది అదే భవనంలో ఇంకో కౌంటర్, కానీ దానికి వేరే రోజు రావాలి, మళ్లీ క్యూలో నిలబడాలి, మోకాళ్ల నొప్పులతో ఒకసారి వచ్చినవాళ్లు రెండోసారి రారు. ఇంకోచోట ఇంటి ఓనరు సంతకం కావాలి. ఆ సంతకం అడగాలంటేనే వాళ్లకి భయం, అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని. ఇవేవీ సర్వే ప్రశ్నల్లో మాకు తట్టేవి కావు. మేం ప్రతి ఫారం ఏ గడి దగ్గర ఆగిందో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ వెళ్లాం, పేర్లు లేకుండా.

ఇంకో విషయం కూడా చూసుకోవాలి. సహాయ కేంద్రానికి వచ్చారంటేనే వాళ్లకి పథకం గురించి తెలిసినట్టు. వాళ్లని మాత్రమే అడిగి "అందరికీ తెలుసు" అని రాస్తే అది తప్పు లెక్క. అందుకని ఇళ్లకి వెళ్లే ఆరోగ్య కార్యకర్తలతో కలిసి, అసలు ఆఫీసు గడప తొక్కనివాళ్లతో మాట్లాడాం. అక్కడ నిజంగానే తెలియనివాళ్లు కొందరున్నారు, తెలిసీ కాగితాలకి భయపడి ఊరుకున్నవాళ్లు ఉన్నారు, చెయ్యి చాచడం ఇష్టం లేదన్నవాళ్లూ ఉన్నారు. పమేలా హెర్డ్, డొనాల్డ్ మోయినిహాన్ అనే పరిశోధకులు సరిగ్గా ఈ మూడింటినే విడదీసి చూపించారు: సమాచారం తెలుసుకునే భారం, కాగితాలు కూడగట్టే భారం, మనసు మీద పడే భారం. పోస్టర్ వల్ల తగ్గేది మొదటిది ఒక్కటే.

పాలసీ పని అసలు ఇక్కడ మొదలవుతుంది. "ఈ ధ్రువపత్రం తీసేయండి" అని రాయడం తేలిక. అది చట్టంలో ఉందా, శాఖ తయారుచేసిన నియమాల్లో ఉందా, లేక ఎప్పుడో ఎవరో మొదలుపెట్టిన కౌంటర్ అలవాటా అన్నది తేల్చాలి. చట్టమైతే చట్టసభ మార్చాలి, నియమమైతే శాఖ మార్చొచ్చు, అలవాటైతే ఒక సర్క్యులర్ చాలు. మేం పాత ఆదేశాలు తిరగేస్తే, ఆదాయాన్ని పరిశీలించాలని నియమంలో ఉంది గానీ ఆ పత్రం దరఖాస్తుదారే తేవాలని ఎక్కడా లేదు! పక్క కౌంటర్ నుంచి ఆఫీసే తెప్పించుకోవచ్చు. దీన్ని ఒకే పేజీలో రాసి, ఎవరు ఏం చేయాలో చెప్పి ఇచ్చాం, ఒప్పుకున్నారు. ఓనరు సంతకం మాత్రం నియమంలోనే ఉంది, దాన్ని పైకి పంపారు, నేను చదువు ముగించేసరికి అది ఇంకా పరిశీలనలోనే ఉంది.

సేవ వేరు, పాలసీ వేరు అని విడదీసి చూడకండి. 1884లో లండన్‌లోని పేదల పేట ఈస్ట్ ఎండ్‌లో టాయిన్‌బీ హాల్ అనే సేవా కేంద్రం పెట్టిందే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కుర్రాళ్లు పేదల మధ్య ఉండి పనిచేయడానికి. విలియం బెవరిడ్జ్, క్లెమెంట్ అట్లీ ఇద్దరూ అక్కడ పనిచేసినవాళ్లే. 1942లో బ్రిటన్ సామాజిక భద్రతకి పునాది వేసిన నివేదిక బెవరిడ్జ్‌ది, 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలుపెట్టింది అట్లీ ప్రభుత్వం. అలాంటి కేంద్రమే షికాగోలో జేన్ ఆడమ్స్ స్థాపించిన హల్ హౌస్, అక్కడ ఉన్నవాళ్లు చుట్టుపక్కల ఇంటింటికీ తిరిగి ఎవరి వారం సంపాదన ఎంతో మ్యాపుల మీద గీసి 1895లో అచ్చువేశారు. ఇరుగుపొరుగున ఉండి చేసిన పని కాబట్టే అది సాధ్యమైంది.

వారం రోజులు వెళ్లి గోడలకి రంగులేసి ఫొటోలు దిగి వచ్చే ప్రాజెక్టులు మాత్రం వద్దు. 1968లో ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు, మెక్సికోలో సేవ చేయడానికి పూనుకున్న అమెరికన్ విద్యార్థుల ముందే నిలబడి, మీ మంచి ఉద్దేశం అక్కడివాళ్లకి అక్కర్లేదు, సాయం చేస్తామని రావద్దు అన్నాడు. మాట కటువే గానీ ఆ ప్రశ్న మనమూ వేసుకోవాలి: మనం వెళ్లడం వల్ల లాభం ఎవరికి? అద్దె కట్టలేని ఒక పెద్దాయన మీతో గంటసేపు తన కష్టం చెప్పుకున్నాడంటే, ఆ మాటలు ఎక్కడికి పోతాయో ముందే ఆయనకి చెప్పి, వద్దంటే ఆపేయాలి. ఇది పరిశోధనకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఫారం కోసం చేసే పని కాదు.

రెండింట్లో ఒకటే అంటే నేనైతే సర్వీస్ వైపే వెళ్తాను, అయితే ఏదో ఒక ఆఫీసు నిర్ణయంతో ముడిపడినదై ఉండాలి. చేరేముందు గైడ్‌ని సూటిగా అడగండి: రిపోర్టు ఎవరి బల్ల మీదకి వెళ్తుంది, వాళ్లు ఎప్పుడు నిర్ణయం తీసుకుంటారు, మనం వెళ్లాక తర్వాతి బ్యాచ్ దీన్ని కొనసాగిస్తుందా. రెజ్యూమేలో కూడా "వాలంటీర్‌గా పనిచేశాను" అని వదిలేయకుండా, ఏ అడ్డంకి కనిపెట్టారు, ఏం మారింది, ఏది మారలేదు అని రాయండి. మారనిదాని గురించే నన్ను ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగారు.

చివర్లో ఒకటి, మాట్లాడినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి ఏం తేలిందో చెప్పడానికి కూడా టైమ్‌టేబుల్లో మొదటినుంచే చోటు పెట్టించుకోండి, లేకపోతే ఈలోగా పరీక్షలు వచ్చేస్తాయి, ఎవరూ వెళ్లరు.