ప్రూఫ్ తీసుకోవాలా, యూఎన్‌సీ తీసుకోవాలా?
స్మారక నాణేలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: టంకశాల వెబ్‌సైట్‌లో వంద రూపాయల స్మారక నాణెం బుక్ చేద్దామని చూస్తే ఒకటి ప్రూఫ్ అనీ, ఇంకొకటి యూఎన్‌సీ అనీ ఉన్నాయి. బొమ్మ ఒకటే, బరువు ఒకటే, ధర మాత్రం వేరు. ప్రూఫ్ అంటే ఇంకాస్త మేలిమి వెండి అనుకోవచ్చా? ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వెండిలో తేడా ఏమీ లేదండీ. 2023లో ఎన్టీఆర్ శతజయంతికి వచ్చిన నాణేన్నే చూడండి. వ్యాసం 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు, అందులో వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింకు 5. ప్రూఫ్‌కైనా యూఎన్‌సీకైనా ఇవే లెక్కలు. తేడా అంతా ముద్ర కొట్టే తీరులో ఉంది.

యూఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్) అంటే చలామణిలోకి వెళ్లని నాణెం అని మాత్రమే. ముద్ర పడని మామూలు లోహపు బిళ్ల, మామూలు అచ్చు, యంత్రం ఒక్క దెబ్బ వేస్తుంది. నాణెం తోటి నాణేల మీద పడుతుంది, వాటితో కలిసే కదులుతుంది. అందుకే ఎవరి చేయీ తగలకుండా వచ్చిన యూఎన్‌సీ మీద కూడా చిన్న చిన్న గాట్లు కనిపిస్తాయి. అది లోపం కాదు, తయారీలో భాగం.

ప్రూఫ్‌కి బిళ్లను ముందే మెరుగుపెడతారు. అచ్చులో బొమ్మ లేని భాగాన్ని అద్దంలా నునుపు చేసి, బొమ్మ భాగాన్ని సన్నగా గరుకుగా ఉంచుతారు. ఆ తర్వాత ఎక్కువ ఒత్తిడితో, నెమ్మదిగా, రెండు దెబ్బలో అంతకంటే ఎక్కువో వేస్తారు. లోహం అచ్చులోని ప్రతి మూలకీ చేరుతుంది, అక్షరాల అంచులు కత్తిరించినట్టు వస్తాయి. ఖాళీ భాగంలో మీ ముఖం కనిపిస్తుంది, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా మసకగా ఉంటుంది. ఒక్కొక్క నాణేన్నీ విడిగా తీసి క్యాప్సూల్‌లో, అంటే లోపలిది కనిపించే గట్టి ప్లాస్టిక్ డబ్బీలో, పెడతారు. మీరు అదనంగా ఇచ్చే డబ్బు ఈ పనికే.

ఏది కొనాలన్నది మీరు నాణేన్ని ఎలా ఉంచుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. క్యాప్సూల్ తెరవకుండా, పెట్టెలో ఉంచి, అప్పుడప్పుడు తీసి చూసుకునేవారికి ప్రూఫ్. ముఖ్యంగా 44 మిల్లీమీటర్ల నాణేల్లో ప్రూఫ్ తీసుకోవడమే న్యాయమని మా అభిప్రాయం. అంత పెద్ద బిళ్ల మీద శిల్పి చెక్కిన కనుబొమలు, తలపాగా మడతలు, గుడి గోపురం మెట్లు పూర్తిగా తేలేది అందులోనే. పిల్లలు పట్టుకుని చూడాలి, వరసలో ఒక్క సంవత్సరం కూడా తప్పకూడదు అనుకుంటే యూఎన్‌సీ. ప్రూఫ్ మీద వేలి ముద్ర ఒక్కటి పడితే అద్దం మీద మరకలా జీవితాంతం కనిపిస్తుంది. యూఎన్‌సీ అలాంటి చిన్న తప్పులను కొంత ఓర్చుకుంటుంది.

ఒకే వరసలో రెండు రకాలూ కలపకండి. పక్కపక్కన పెడితే యూఎన్‌సీ నాణేలు పాతబడినట్టు కనిపిస్తాయి, అవి నిజంగా బాగున్నా సరే.

ప్రశ్న: ఒకాయన వంద రూపాయల స్మారక నాణెం పెట్టె లేకుండా అమ్ముతున్నారు. ‘ఒరిజినల్ ప్రూఫే, పెట్టె పోయింది’ అంటున్నారు. ఫొటోలో బాగా మెరుస్తోంది. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మెరుపు చూసి నమ్మకండి. యూఎన్‌సీ నాణేన్ని కంసాలి పాలిష్ చక్రం మీద పెట్టి ప్రూఫ్‌గా అమ్మడం ఈ రంగంలో పాత మోసం. చేతికి తీసుకుని చూసే వీలుంటేనే బేరం మొదలుపెట్టండి.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒకే ఒక బల్బు ఉన్న గది చాలు. బల్ల మీద మెత్తని గుడ్డ పరిచి, నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని వంచుతూ నెమ్మదిగా తిప్పండి. యూఎన్‌సీ మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచుకు పాకుతూ తిరుగుతుంది. ముద్ర పడేటప్పుడు లోహం బయటికి జారిన గీతల వల్ల వచ్చే తళుకు అది. ప్రూఫ్‌లో ఈ చక్రం ఉండదు, ఖాళీ భాగం ఒక కోణంలో నల్లగా, ఇంకో కోణంలో అద్దంలా మారుతుంది. పాలిష్ పెట్టినదానికి రెండూ ఉండవు. అంతటా ఒకే రకం నిగనిగ, బొమ్మ కూడా నేపథ్యంలాగే మెరవడం, ఒకే దిక్కున వెళ్లే వెంట్రుకంత గీతలు, అక్షరాల భుజాలు గుండ్రంగా అరిగి ఉండడం – ఇవి కనిపిస్తే పక్కన పెట్టేయండి. అక్షరాలకీ నేపథ్యానికీ మధ్య సందుల్లో పాలిష్ ముద్ద మిగిలిపోతుంది, అక్కడ తప్పకుండా చూడండి.

తర్వాత టంకశాల గుర్తు. సంవత్సరం కింద ముంబై మామూలుగా వజ్రం గుర్తు వేస్తుంది. ప్రూఫ్‌కి మాత్రం పాత రోజుల్లో ఇంగ్లిష్ ‘బి’ వేసేది, బొంబాయి ముంబై అయ్యాక ‘ఎం’ వేస్తోంది. వజ్రం గుర్తున్న నాణేన్ని ప్రూఫ్ అంటే అక్కడే అనుమానించాలి. హైదరాబాద్‌ది నక్షత్రం, కోల్‌కతాకు గుర్తే ఉండదు. ఆ రెండింటిలో ప్రూఫ్‌కి వేరే గుర్తు లేదు కనుక ముద్ర పడిన తీరునే చూడాలి.

35 గ్రాముల నాణేన్ని నగల త్రాసు మీద తూచండి, అయస్కాంతం దగ్గరపెట్టండి. వెండి మిశ్రమం అతుక్కోదు. కానీ ఇవి నకిలీని పట్టిస్తాయే తప్ప పాలిష్‌ను పట్టించవు. పెట్టె ఉన్నంత మాత్రాన లోపలున్నది ప్రూఫ్ అనీ అనుకోకండి. ప్రూఫ్‌లు చెక్క పెట్టెల్లోనూ వస్తాయి, అట్ట ఫోల్డర్లలోనూ వస్తాయి. ఖాళీ పెట్టెలు విడిగా చేతులు మారుతుంటాయి కూడా.

ప్రశ్న: మూడేళ్ల క్రితం కొన్న ప్రూఫ్ నాణెం మీద గోధుమ రంగు చుక్కలు వచ్చాయి. అంచు దగ్గర ఆకుపచ్చగా జిగురులా ఉంది. ప్లాస్టిక్ ఆల్బంలో పెట్టాను. మా అత్తగారు చింతపండుతో రుద్దితే పోతుందంటున్నారు. రుద్దనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: దయచేసి రుద్దకండి. చింతపండు, నిమ్మకాయ, విభూతి, పీతాంబరి ఇత్తడి చెంబుకీ వెండి కుందికీ సరే. వాటికి పై పొర కాస్త పోయినా నష్టం లేదు. ప్రూఫ్ నాణెం విలువంతా ఆ పై పొరలోనే ఉంది. ఒక్కసారి రుద్దితే అద్దం మీద వేల గీతలు పడతాయి, వాటిని ఎవరూ వెనక్కి తేలేరు. టూత్‌పేస్ట్, కళ్లద్దాలు తుడిచే గుడ్డ, కాటన్ – అన్నీ అంతే.

మీకు వచ్చినవి రెండు వేర్వేరు ఇబ్బందులు. ఆకుపచ్చ జిగురు మీ ఆల్బం నుంచి వచ్చింది. మెత్తగా వంగే పీవీసీ ప్లాస్టిక్ వేడికి విడిపోతూ ఆమ్లం వదులుతుంది, అది నాణెంలోని రాగిని తింటుంది. దీన్ని ఆపవచ్చు. మందుల ప్రయోగశాలలకు రసాయనాలు అమ్మే దుకాణంలో స్వచ్ఛమైన అసిటోన్ కొనండి. గోళ్లరంగు తుడిచే ద్రవంలో నూనెలు, సువాసనలు ఉంటాయి, అది పనికిరాదు. కిటికీలు తెరిచి, పొయ్యి ఆపి, రెండు గాజు గిన్నెల్లో పోయండి. ప్లాస్టిక్ గిన్నె అయితే కరిగి నాణేనికి అంటుకోవచ్చు. నాణేన్ని ఆల్బం నుంచి తీసి మొదటి గిన్నెలో అయిదు నిమిషాలు ఉంచి, నెమ్మదిగా తిరగేసి, మరో అయిదు నిమిషాలు ఉంచండి. ఆ వెంటనే, ఆరనివ్వకుండా, రెండో గిన్నెలోకి మార్చండి. మొదటి ద్రవంలో కరిగిన జిగురు నాణెం మీదే ఆరితే తెల్లటి మరక మిగులుతుంది, రెండో గిన్నె అందుకే. తీసి నిలువుగా ఆనించి గాలికి ఆరనివ్వండి, తుడవకండి. అసిటోన్ లోహాన్ని ఏమీ చేయదు. కానీ జిగురు కింద ఇప్పటికే గుంటలు పడి ఉంటే అవి కనిపిస్తాయి. అవి అసిటోన్ చేసినవి కావు.

గోధుమ చుక్కలు అలాగే ఉంటాయి. నూటికి నలభై పాళ్లు రాగి ఉన్న మిశ్రమంలో చెమ్మ, ఉప్పు గాలి, నాణెం మీద వంగి మాట్లాడినప్పుడు పడ్డ తుంపర కలిస్తే ఇవి పుడతాయి. వెండి శుభ్రపరిచే ద్రావణంలో ముంచితే చుక్క పోయినట్టు కనిపించి కింద మసక మచ్చ మిగులుతుంది. వదిలేయడమే మంచిది.

ఇక ముందు 44 మిల్లీమీటర్ల గట్టి అక్రిలిక్ క్యాప్సూల్ వాడండి. అడ్డంగా జారని సరైన కొలతది తీసుకోండి. క్యాప్సూళ్లన్నీ గాలి చొరని డబ్బాలో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వేయండి. మీ ఊరి చెమ్మ గాలికైతే, రంగు మారే రకం పొట్లాలు మేలు. నీలం గులాబీ రంగుకి తిరిగితే, పొట్లం మీద ఉన్న సూచన ప్రకారం ఓవెన్‌లో వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. రబ్బరు బ్యాండ్లు, వార్తాపత్రిక కాగితం దగ్గరికి రానివ్వకండి, వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. అగరబత్తులు వెలిగే పూజగదిలో కూడా వద్దు.

ప్రశ్న: ప్రూఫ్ నాణేలు వెండి మీద పెట్టుబడిగా పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వెండి కోసమైతే వద్దు. 35 గ్రాముల నాణెంలో వెండి 17.5 గ్రాములే. ఆ రోజు వెండి ధరతో గుణించి, అడుగుతున్న ధర పక్కన రాసి చూడండి. మిగిలిన మొత్తమంతా ముద్ర పనికీ పెట్టెకీ ఇస్తున్నది. దాన్ని తిరిగి తెచ్చేది ఇంకో సేకర్త ఆసక్తి ఒక్కటే. కరిగిస్తానంటే 2011 నాణేల చట్టం ప్రకారం అది నేరం. 2024లో రిజర్వ్ బ్యాంక్ 90 ఏళ్లకు వచ్చిన 90 రూపాయల నాణెం 40 గ్రాముల స్వచ్ఛమైన వెండి. అలాంటివాటిలో వెండి పాలు ఎక్కువే. అయితే స్వచ్ఛమైన వెండి నాణేల మీద కొన్నేళ్లకి పాల చుక్కల్లాంటి తెల్లటి మచ్చలు రావచ్చు, వాటిని తీసే దారి లేదు.

ప్రశ్న: ఇక్కడ అమెరికాలో నాణేలను గ్రేడింగ్ చేయిస్తారు. ఇండియా నుంచి నాన్నగారు పంపిన ప్రూఫ్ సెట్‌ను విప్పి పంపనా? ప్రూఫ్‌కి యూఎన్‌సీ కంటే ఎక్కువ గ్రేడ్ వస్తుందా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: గ్రేడ్ అంటే నాణెం ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే అంకె. ప్రూఫ్ అన్నది గ్రేడ్ కాదు, తయారీ పద్ధతి. 1 నుంచి 70 వరకు ఉండే షెల్డన్ కొలతలో యూఎన్‌సీ నాణేలకు 60 నుంచి 70 దాకా ‘ఎంఎస్’ అని, ప్రూఫ్‌లకు ‘పీఎఫ్’ లేదా ‘పీఆర్’ అని ముందు రాస్తారు. గీతలు పడ్డ ప్రూఫ్‌కి 62 రావచ్చు, చక్కటి యూఎన్‌సీకి 67 రావచ్చు. బొమ్మ మసక, నేపథ్యం అద్దం రెండు వైపులా గట్టిగా విడివడి ఉంటే గ్రేడింగ్ సంస్థల్లో ఎన్‌జీసీ ‘అల్ట్రా కామియో’ అనీ, పీసీజీఎస్ ‘డీప్ కామియో’ అనీ చేరుస్తాయి. ధరలో తేడా తెచ్చేది తరచూ ఈ మాటే.

విప్పే ముందు భూతద్దంతో ప్యాక్ పైనుంచే చూడండి. గీతో మచ్చో కనిపిస్తే గ్రేడింగ్ రుసుము వృథా, సెట్‌ను అలాగే ఉంచండి. మన దగ్గర కొనేవారు టంకశాల ప్యాకింగ్ చెక్కుచెదరకుండా ఉండటాన్ని ఇష్టపడతారు, విప్పినది తక్కువకు పోతుంది. ఎలాగూ అక్కడే అమ్ముతారనుకుంటే, మచ్చ లేని పెద్ద వెండి నాణేన్ని మాత్రమే పంపండి. సెట్‌లో దానితో వచ్చే అయిదో పదో రూపాయల నాణేనికి ఆ ఖర్చు తిరిగి రాదు.

ప్రశ్న: మా పదేళ్ల అబ్బాయికి ఈ సరదా పట్టుకుంది. ఖర్చు పెట్టకుండా ఎలా మొదలుపెట్టించాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చిల్లరతోనే మొదలుపెట్టించండి. అయిదు, పది రూపాయల స్మారక నాణేల్లో చాలావి చలామణిలోకే వచ్చాయి, చిల్లరలో ముఖవిలువకే దొరుకుతాయి.  చేతులు మారినవాటిని యూఎన్‌సీ అనకూడదని మొదటి రోజే చెప్పండి. బుగ్గ, చెవి, జుట్టు వంటి ఎత్తయిన చోట్ల అరుగుదల మొదట కనిపిస్తుందని చూపించండి. అలా ఒక ఏడాది అంచులు పట్టుకునే అలవాటు కుదిరాక ఒక్క యూఎన్‌సీ సెట్ కొనివ్వండి. హైదరాబాద్ వచ్చినప్పుడు సైఫాబాద్‌లో పాత టంకశాల భవనంలో 2022లో తెరిచిన మ్యూజియానికి తీసుకెళ్లండి. నాణేలు ముద్రించిన పాత యంత్రాలను దగ్గరగా చూస్తే, ప్రూఫ్‌కి రెండో దెబ్బ ఎందుకో పిల్లవాడికి మన మాటలకంటే త్వరగా అర్థమవుతుంది.