విమాన టికెట్ భారం.. అసలు మంట కార్డు వడ్డీదే

ప్రశ్న: బెంగళూరులో ప్రైవేటు ఉద్యోగం, జీతం రూ.58 వేలు. ఆరు నెలల కిందట నాన్న పడిపోయారని ఫోన్ వస్తే మర్నాటి విమానంలో నేనూ, మా ఆవిడా విశాఖ వెళ్లాం. రానూపోనూ రూ.27,400 అయింది. క్రెడిట్ కార్డుతో కొని, నెలనెలా మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతున్నాను. వడ్డీ నెలకు 3.5 శాతం. ఇంధనం ధర తగ్గినా టికెట్ తగ్గదేం? ఇది న్యాయమేనా? కార్డు బాకీ తీర్చడానికి లోన్ యాప్‌లో అప్పు తీసుకోవచ్చా? పాప ఫీజు కోసం దాచిన రూ.50 వేల ఎఫ్‌డీని కదపలేదు.

జవాబు: న్యాయంగా లేదు. విమాన ఇంధనం ధరను చమురు కంపెనీలు నెలకోసారి, ఒకటో తేదీన మారుస్తాయి. టికెట్ ధర ఒక్క రోజులోనే పలుమార్లు మారుతుంది. నెల ముందు కొన్నవారి పక్క సీట్లోనే మీరు ఎన్నో రెట్లు పెట్టి కూర్చుంటారు. ఇద్దరికీ కాలేది ఒకే ఇంధనం. సీటు ఎంచుకున్నందుకు వేసే ఛార్జీకైతే ఇంధనంతో సంబంధమే లేదు.

అయితే ఈ లెక్క చూడండి. 2023 అక్టోబరులో ఇండిగో దూరాన్ని బట్టి రూ.300 నుంచి 1,000 వరకు ఇంధన ఛార్జీ వేసి, 2024 జనవరి 4న ఎత్తేసింది. ఆ లెక్కన బెంగళూరు-విశాఖకు మనిషికి రూ.400. మీ ఇద్దరికీ రానూపోనూ రూ.1,600. మీ కార్డు ఆ మొత్తాన్ని నెలన్నరలోనే లాగేసింది! మొదటి నెల మీరు కట్టిన రూ.1,370లో వడ్డీకి, దానిపై జీఎస్టీకి రూ.1,131 పోయింది. అసలులో తగ్గింది రూ.239. ఆరు నెలల్లో సుమారు రూ.8 వేలు కట్టినా ఇంకా రూ.26 వేలు బాకీ ఉంది. ఏడు శాతం కూడా రాని ఎఫ్‌డీని కాపాడుకుంటూ, ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతున్నారు. నాకు వచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపించే పొరపాటు ఇదే.

రేపే ఎఫ్‌డీ రద్దు చేసి కార్డు బాకీ మొత్తం కట్టేయండి. ఫీజుకు తక్కువైతే స్కూలువాళ్లను రెండు వాయిదాలు అడగండి, అందులో నామోషీ లేదు. లోన్ యాప్ జోలికి మాత్రం పోకండి. ఇప్పటికే ఫోన్లో ఉంటే ఈ పేజీ మడిచేలోపు తీసేయండి. బ్యాంకు పర్సనల్ లోన్ కూడా మీకు అక్కర్లేదు.

ఇక అత్యవసర నిధి. నాన్నగారు ఊళ్లో ఉన్నారు, మీరు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. అలాంటి ఫోన్ మళ్లీ వస్తుంది. ఆరు నెలల ఖర్చులు పక్కన పెట్టుకోవాలని అందరికీ చెబుతాను. పెద్దవాళ్లు దూరంగా ఉన్నవారికి అది చాలదు. చివరి నిమిషంలో ఇద్దరు వెళ్లి రావడానికి మరో రూ.30 వేలు వేరే ఖాతాలో ఉండాలి. ఆ ఖాతాను యూపీఐకి కలపొద్దు. జీతం పడిన రోజే రూ.4 వేలు అందులోకి వెళ్లేలా పెట్టండి, ఎనిమిది నెలల్లో నిండుతుంది. నాన్నగారికి ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే చూడండి. పండగ ప్రయాణాలకు రైలుంది, 60 రోజుల ముందే రిజర్వేషన్ తెరుస్తారు.

నాన్నగారి కోసం మీ ఆవిడ అక్కడే ఉండిపోయి తిరుగు టికెట్ వాడుకోకపోయి ఉంటే, ఎయిర్‌లైన్‌కు రాయండి. బేస్ ఛార్జీ, ఇంధన ఛార్జీ రాకపోవచ్చు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుము మాత్రం వెనక్కి ఇవ్వాలి. వచ్చిన కొన్ని వందలనే ఆ కొత్త ఖాతాలో మొదటి జమగా వేయండి.