వెండి కాలి పట్టీ అతికేటప్పుడు, అతుకు దగ్గర వెలిగారం (బోరాక్స్) పొంగి టంకం ముక్క (అతికే లోహం) పక్కకు జరుగుతోందా?

కారణం మీ టంకం కాదు, వెలిగారంలోని నీరు. పర్లాకిమిడి బజారులో పలుకులుగా దొరికే వెలిగారంలో ఒక్కో అణువును పట్టుకుని పది నీటి అణువులుంటాయి. బరువులో దాదాపు 47 శాతం నీరే. మంట తగలగానే అది ఆవిరై, పేలాల్లా తెల్లగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బే మీ ముక్కను తోసేస్తోంది.

1. ఇనప గరిటెలో కొంచెం వేసి సన్న మంట మీద పొంగించండి. చిటపటలు ఆగి, పొంగు కదలకుండా నిలిచేదాకా దించొద్దు.

2. చల్లారాక మెత్తగా నూరండి. ఆ పొడి పీల్చకండి.

3. అందరూ తప్పేది ఇక్కడే. ఇంత కష్టపడి పొంగించి, మళ్లీ నీళ్లతో కలుపుతారు. అది ఆ నీటిని తిరిగి పట్టుకుంటుంది, కథ మొదటికొస్తుంది. నీళ్లకు బదులు స్పిరిట్‌తో కలిపి, అతుకు మీద పలచగా రాసి, పూర్తిగా ఆరాకే మంట పెట్టండి. స్పిరిట్ సీసా దూరంగా ఉంచాలి, ఇది మాత్రం మరవొద్దు. మిగిలిన పొడి బిగుతు మూత డబ్బాలోకి. వానాకాలంలో కాగితం పొట్లం అసలు పనికిరాదు.

స్పిరిట్ లేకపోతే నీళ్లతోనే రాసి, దూరం నుంచి మెల్లగా వేడి చేసి, పొంగు అణిగాక టంకం ముక్క పెట్టండి.

నీరు పోయిన వెలిగారం సుమారు 743 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి, వెండిలోని రాగి మీద పట్టిన నల్ల ఆక్సైడ్‌ను తనలో కరిగించుకుంటుంది. అప్పుడే టంకం అతుకులోకి పారుతుంది.