సైకిళ్లు వెనకేసుకుని ట్రాఫిక్‌లో కూర్చున్నాం

"వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయి, ప్లానేమీ లేదు, పొద్దున్నే సైకిళ్లు కారులో వేసుకుని ఎటైనా వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామనుకుంటున్నాం, కారుకి సైకిళ్లు తగిలించే ర్యాక్ కొనాలా?" అని కదా అడిగారు. ర్యాక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు కారు ఎక్కడ ఆపుతారో అనుకున్నారా?

ఇలాంటి సెలవుల్లోనే ఓసారి నేనూ మావాడూ బయల్దేరాం. వాడికప్పుడు పన్నెండేళ్లు. ఎనిమిదిన్నరకి టిఫిన్ చేస్తూ అనుకున్నాం, తొమ్మిదికల్లా రోడ్డు మీద ఉంటామనుకున్నా. గాలి పంపు దొరకడానికే ఇరవై నిమిషాలు పట్టింది. దొరికాక చూస్తే అది నా సైకిలు వాల్వుకి పట్టదు. నాది సన్నటి వాల్వు, వాడిది కారు టైరుకుండే లాంటి లావుపాటిది. ఒకే పని చేసే వస్తువుకి రెండు రకాల మూతులు ఎందుకు పెట్టారో నాకిప్పటికీ కోపమే. చివరికి స్కూటర్ బాక్సులో అడాప్టర్ దొరికింది. అది గోరంత ఉంటుంది, లేకపోతే ఆ రోజు ట్రిప్పే లేదు. ఇప్పుడది వాల్వుకే తగిలించి ఉంచేస్తున్నా.

వెనక సీటు మడిచి, ముందు చక్రాలు ఊడదీసి, ఒక సైకిలు ఇటు తలా ఇంకోటి అటు తలా పడుకోబెట్టాం. గేర్లున్న వైపు పైకి ఉండాలి, కిందపెడితే బరువంతా గేర్లు మార్చే చిన్న ముక్క మీద పడి అది వంగిపోతుంది, ఆ తర్వాత గేర్లు వాటిష్టం వచ్చినట్టు మారతాయి. మధ్యలో పాత దుప్పటి పరిచాం. అయినా చైను మడ్డి సీటుకి అంటింది. అంటకుండా చేసే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి, దయచేసి "ఇంకో దుప్పటి వెయ్యండి" అని మాత్రం అనకండి.

రిజర్వాయరుకి ఇంకా ఏడు కిలోమీటర్లుందనగా అంతా ఆగిపోయింది. ఫోన్ 42 నిమిషాలంది. పావుగంట తర్వాత చూస్తే 50 అంది. సెలవు రోజున ఊరంతా ఒకే నీళ్ల దగ్గరికి ఎందుకు పోతుందో అనుకుంటూ తిట్టుకున్నా, నేనూ అక్కడికే పోతున్నానన్న సంగతి మర్చిపోయి. ఇంతలో ఓ పెద్దాయన పాత సైకిలు మీద, వెనక క్యారియర్‌కి మూట కట్టుకుని, మెల్లగా తొక్కుకుంటూ మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు. మావాడు ఆయన కనుమరుగయ్యేదాకా చూశాడు. చూసి, "నాన్నా, మన దగ్గర కూడా సైకిళ్లున్నాయిగా?" అన్నాడు.

నాకు నిజంగా తట్టలేదండీ. ముందు కోపమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. కాస్త ముందున్న పెట్రోలు బంకులో అడిగి, ఓ పక్కగా కారు పెట్టి, సైకిళ్లు దించాం.

అక్కడ ఇంకో తమాషా. చక్రం బిగిద్దామంటే నా సైకిలు డిస్క్ బ్రేకులో పట్టదు. దారంతా మావాడికి తోచక వెనక్కి చెయ్యిచాపి నా బ్రేక్ లీవర్ నొక్కుతూ కూర్చున్నాడట. హైడ్రాలిక్ బ్రేకులకి, అంటే లోపలి ద్రవం ఒత్తిడితో నడిచేవాటికి, చక్రం లేనప్పుడు లీవర్ నొక్కితే లోపలి పిస్టన్లు ముందుకొచ్చి ప్యాడ్లు రెండూ అతుక్కుపోతాయి, వాటంతటవి వెనక్కి పోవు. టైరు ఊడదీసే టైర్ లీవర్‌తో మెల్లమెల్లగా తెరవడానికి అరగంట పట్టింది. అప్పట్నుంచీ చక్రం తీయగానే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెడుతున్నా. తీగతో నడిచే బ్రేకులున్నవాళ్లకి ఈ బాధ లేదు, మావాడిది అదే, అందుకే అంత ధీమా.

ఆ తర్వాతి ఏడు కిలోమీటర్లూ ఆగిన కార్ల పక్కనుంచి తొక్కుకుంటూ పోయాం. ఇందాక మా ముందున్న కారొకటి, పైన నీలం పట్టా కప్పిన సామానుంది కాబట్టి గుర్తుంది, దాన్ని రిజర్వాయరుకి కిలోమీటరు ఇవతల దాటాం. మావాడు వాళ్లకి చెయ్యి కూడా ఊపాడు. తీరా వెళ్తే నీళ్ల దగ్గర కాలు పెట్టే సందు లేదు. పక్కన గట్టు మీద మట్టిదారి కనిపిస్తే అటు తిరిగాం, ఆ రోజంతా అక్కడే గడిచింది. వెళ్లేటప్పుడు వెనకగాలి అని తెలీక నేనింత బాగా తొక్కుతున్నానా అనుకున్నా. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురై నా లెక్క సరిచేసింది. ఎదురుగాలి ఉన్న వైపు ముందు తొక్కేసి, అలిసిపోయాక గాలితో పాటు వెనక్కి రావాలి.

కాబట్టి నేను చెప్పేది ఒకటే, కారుని గమ్యం దాకా తీసుకెళ్లకండి. రద్దీ మొదలయ్యే చోటికి పదికిలోమీటర్లు ఇవతలే నీడ చూసుకుని ఆపి, అక్కణ్నుంచి తొక్కండి. ఆ చివరి ముక్కే అందరి సెలవునీ తినేస్తుంది.

ఇక ర్యాక్. నేనెప్పుడూ వాడలేదు, అయినా చెప్తా, ఒక్క రోజు కోసం కొనొద్దు. వెనక బెల్టులతో కట్టేవి నంబర్ ప్లేటునీ బ్రేక్ లైట్లనీ కప్పేస్తాయి, దానికి ఫైన్ పడొచ్చు. పైన పెట్టేవాటితో భయం ఏంటంటే సైకిళ్లున్నాయని మర్చిపోయి కిందికున్న పార్కింగ్ గేటులోకి దూరిపోతారు. ఎలక్ట్రిక్ సైకిలైతే చాలావరకు 20 కిలోలు దాటుతుంది, చాలా ర్యాకులు ఒక్కో సైకిలుకి 15 కిలోల దగ్గరే ఆగిపోతాయి, బరువు చూడకుండా కట్టకండి. నలుగురు నాలుగు సైకిళ్లతో వెళ్లేవాళ్లకి ర్యాక్ తప్పదనుకోండి, కానీ నలుగురూ టిఫిన్ దగ్గర అనుకుని ఒకే గంటలో బయల్దేరడం నేనైతే ఇంతవరకూ చూళ్లేదు.

ఇంతకీ మీరెంతమంది? మీ కారు వెనక సీటు పూర్తిగా మడుస్తుందా, సగమేనా? అది చెప్తే ఎన్ని సైకిళ్లు పడతాయో చెప్తా.