నొప్పి ఉన్నదా అని మొదట అడగకు

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

దేవరకొండ వైపు తండాల్లో ఆడవాళ్లకు రొమ్ములను తామే పరీక్షించుకోవడం నేర్పడానికి నీవు పూనుకున్నావని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. ముప్పై రెండేళ్లు ఏఎన్ఎంగా ఆ దారుల్లోనే తిరిగినదాన్ని గనుక నా సంతోషానికి అంతు లేదు. రాత్రి పడుకున్నాక మాత్రం భయం వేసింది. నీకు తొందర ఎక్కువ, అది నా పోలికే.

పద్ధతి నీకు నేను చెప్పనక్కరలేదు. నెలసరి మొదలైన ఏడో రోజు నుంచి పదో రోజు లోపల చూసుకోవాలని, ముట్టు ఆగిపోయినవాళ్లు నెలకొక తేదీ పెట్టుకోవాలని, మూడు వేళ్ల మెత్తలతో చంక దాకా, మెడ ఎముక దాకా తడమాలని చదువుకున్నావు. అద్దంలో చూడవలసిన చర్మపు గుంటల సంగతి వచ్చినప్పుడు మాత్రం పుస్తకంలోని నారింజ తొక్కను పక్కన పెట్టి, మన నల్లగొండ బత్తాయి ఒకటి చేతికిచ్చి చూపు. సంఘం మీటింగులో మగవాళ్లుంటే, సర్పంచే అయినా సరే, బయటికి పంపి తలుపు వేశాకే నోరు తెరువు.

ఇక ఇన్నేళ్లు ఎవరికీ చెప్పుకోని మాట.

పత్తి ఏరే రోజులు. ఒక ఊళ్లో టీకాలు వేసి, మందుల డబ్బా భుజానికి తగిలించుకొని సాయంత్రం బస్సుకు నడుస్తున్నాను. చంటిపిల్లను చంకనేసుకున్న తల్లి ఒకామె వెంటబడి వచ్చి, చెట్టు చాటుకు పిలిచి, కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ, "నర్సమ్మా, ఇక్కడ గింజ లెక్క తగులుతున్నది" అన్నది. మలుపులో బస్సు హారను మోగింది. "నొప్పి ఉన్నదా?" అన్నాను. లేదన్నది. "అయితే భయం లేదు, పాలు గడ్డకట్టి ఉంటాయి, కాపడం పెట్టుకో" అని చెప్పి బస్సెక్కాను. చెయ్యి వేసి చూడనైనా చూడలేదు. మళ్లీ కనబడ్డప్పుడు ఎండాకాలం వచ్చేసింది. ఆమె నన్ను చూసి నవ్వి, "నువ్వన్నట్టే నొప్పి లేదు నర్సమ్మా" అన్నది. రవిక తీయించి చూస్తే చనుమొన లోపలికి గుంజుకుపోయి, చుట్టూ తోలు బత్తాయి తొక్కలా ఉబ్బి, చంకలో కూడా గడ్డలు తగిలాయి. మరునాడే నేనే హైదరాబాదు తీసుకుపోయాను. రొమ్ము తీశారు. రెండేళ్లు బతికింది.

క్యాన్సర్ గడ్డకు మొదట్లో చాలాసార్లు నొప్పే ఉండదని నాకు తెలియక కాదు బిడ్డా, ఆ బస్సు పోతే మరొకటి లేదని.

షాంఘైలో రెండు లక్షల అరవై వేలకు పైగా మిల్లు స్త్రీలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఈ పరీక్ష నేర్పి ఏళ్ల తరబడి గమనిస్తే, నేర్పినంత మాత్రాన చావులు తగ్గలేదని 2002లో తేల్చారు. అది చదివినప్పుడు నాకు ఆమే గుర్తుకొచ్చింది. గడ్డను తన చేత్తో తానే కనుక్కున్నది, విన్న మనిషే సరిగా వినలేదు. కాబట్టి తడుముకోవడం నేర్పి ఊరుకోకు. చేతికి తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావని తప్పక చెప్పు, లేకుంటే భయపడి దాచుకుంటారు. అయితే అవునో కాదో తేల్చవలసింది డాక్టరు, నీవు కాదు. ముప్పై దాటినవాళ్లకు ఐదేళ్లకొకసారి దవాఖానలో చేత్తో చూసే పరీక్ష సర్కారు కార్యక్రమంలోనే ఉన్నది, అక్కడికి పంపు. ఎవరినైనా రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ దవాఖానకు పంపవలసి వస్తే ఏ బస్సు, ఎక్కడ దిగాలి, ఏ కాగితాలు కావాలి అన్నీ రాసి చేతికివ్వు, వీలైతే తోడు వెళ్లు. మీటింగు అయ్యాక అరగంట ఖాళీగా కూర్చో. అడగదలచినవాళ్లు అందరూ లేచిపోయాకే దగ్గరికి వస్తారు.

అన్నట్టు, ఊరందరికీ చెప్పే నీవు ఏనాడైనా చూసుకున్నావా? సిగ్గుపడకుండా జవాబు రాయి.

బస్సులో ఒక సంచి పంపుతున్నాను. పాత చీర గుడ్డలో దూది కూరి, లోపల చింతగింజలు మూడు దాచి కుట్టాను. ఎక్కడున్నాయో చెప్పను. ముందు నీ వేళ్లకు దొరకనీ, తరువాత తండాకు తీసుకుపో.

నీ మేనత్త