లైసెన్సుకి వెళ్తున్న మా అమ్మలుకి పెద్దమ్మ రాసేది

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది, అందులో ఇరవై నిమిషాలు నువ్వు ఎల్‌ఎల్‌ఆర్‌కి (అదే, నేర్చుకునేవాళ్ళకి ముందిచ్చే లైసెన్సుకి) స్లాట్ బుక్ చేసుకున్న సంగతే. 2027 పుష్కరాలకి అమ్మని నేనే కార్లో రాజమండ్రి తీసుకెళ్తా అన్నావట కదా. మీ అమ్మకి నిద్ర పట్టట్లేదంట. "నువ్వే చెప్పవే అక్కా, నీ మాటైతే వింటుంది, వద్దని చెప్పు" అంది. సరే చెప్తాలే అన్నాను. ఫోన్ పెట్టేసి చాలాసేపు అరుగు మీద కూర్చుని నవ్వుకున్నా, తర్వాత భయమేసింది, మళ్ళీ నవ్వొచ్చింది. వద్దని చెప్పడానికి కాదు ఈ ఉత్తరం. వాట్సాప్‌లో ఇంత పొడుగు పంపితే చదవవని తెలుసు, అయినా సరే కూర్చుని చదువు.

ముందు చిన్న విషయాలు. ఆధారు, వయసు కాయితం, ఫోటో అన్నీ సరిచూసుకో, ఆధార్లో నీ ఇంటిపేరు స్పెల్లింగు పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టే ఉందో లేదో చూడు. ఎల్‌ఎల్‌ఆర్ ఆర్నెల్లు ఉంటుంది, అది వచ్చిన ముప్పై రోజులకి గానీ అసలు టెస్టుకి వెళ్ళనివ్వరు, ఆ ముప్పై రోజులూ నేర్చుకోవడానికే ఇచ్చారు, క్యాలెండర్లో కొట్టేసుకోడానికి కాదు. బండికి ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్ర ఎల్ ఉండాలి, పక్కన లైసెన్సు ఉన్న మనిషి ఉండాలి. మీ బావ ఉన్నాడుగా. వాడు పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటే మాత్రం నాకు చెప్పు.

రాత పరీక్ష గురించి నువ్వు భయపడక్కర్లేదు, నూటికి అరవై వస్తే పాసు. గుండ్రంగా ఉన్న బోర్డులు ఆజ్ఞలు, మూడు మూలలవి హెచ్చరికలు, నలుచదరంవి సమాచారం, ఇంతే లెక్క, మా మూడో తరగతి పిల్లలకి చెప్పినా పట్టేస్తారు. ఒకటి మాత్రం బట్టీ కొట్టకుండా బుర్రతో చదువు. ఇరుకు వంతెన దగ్గరికొచ్చావు, అటునుంచి ఇంకో బండి ఎక్కబోతోంది, నువ్వేం చేస్తావ్ అని ఒక ప్రశ్న ఉంటుంది. అది దాటేదాకా ఆగాలి, అదే జవాబు. కాయితం మీద టిక్కు పెట్టడం ఎవరికైనా వచ్చు. మన కాలవల మీద వంతెనలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు ఓసారి, అన్నీ ఒక కారూ ఒక గేదె పట్టేవే, అన్నిటికీ ఎత్తెక్కాలి. ఆ ఎత్తు మీద ఆగడం, ఆగాక మళ్ళీ కదలడం, ఇదే నేను చెప్పబోయేది.

మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. డ్రైవింగ్ స్కూలాయన "పరీక్ష సంగతి మేం చూసుకుంటామండి, పాప ఊరికే వచ్చి ఫోటో దిగితే చాలండి" అన్నాడంట. కాస్త ఎక్కువిస్తే చాలంట. నువ్వు ఏమన్నావో మీ అమ్మకి తెలీదు. నాకూ తెలీదు. కానీ సరే అనుంటే మాత్రం ఇప్పుడే వెళ్ళి వద్దని చెప్పిరా. ఇది తిట్టు అనుకున్నా పర్వాలేదు.

ఎందుకంటే నా లైసెన్సు అలాగే వచ్చింది.

ఎక్కడ తీసుకున్నానో చెప్పను, ఆ మనుషులు ఎవరూ ఇప్పుడు లేరు. 2001లో. అప్పటికి పదమూడేళ్ళుగా మోపెడ్ మీద స్కూలుకి వెళ్ళొస్తున్నదాన్ని, గట్టు మీద ఎదురుగా లారీ వస్తే పక్కకి దింపి నిలబడేదాన్ని, ఊళ్ళో నాకు పెద్ద పేరు, టీచరుగారు బండి తోల్తారు అని. మీ పెదనాన్న పాత మారుతి 800 కొన్నారు. ఒకాయన వచ్చి కాయితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. టెస్టు రోజున ఆ గ్రౌండులో పది గజాలు ముందుకి పోనిచ్చాను, ఇంకా రెండో గేరు కూడా వెయ్యలేదు, "చాలమ్మా దిగండి" అన్నారు. దిగాను. గర్వంగానే దిగాను, అది చెప్పాలి. ఇంటికొచ్చి అందరికీ కోవా బిళ్ళలు పంచాను.

రెండేళ్ళు ఏమీ అవలేదు. అదే పెద్ద ప్రమాదం, ఏమీ అవకపోవడం.

2003 పుష్కరాలు వెళ్ళాక వినాయక చవితి, నిమజ్జనాల రోజులు. మీ అమ్మకి అయిదో నెల, నువ్వే. అమలాపురం డాక్టరమ్మకి చూపించాలి. బస్సులో వద్దు నేను తీసుకెళ్తా అన్నాను. మీ అమ్మ ముందు సీట్లో స్కానింగ్ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాలవ నీళ్ళాపే లాకుల దగ్గర వంతెన ఎక్కుతున్నాం, పైన ట్రాక్టరు మీద వినాయకుడు, పిల్లలు డప్పులు కొట్టుకుంటూ ఆగిపోయారు. నేను ఎత్తు సగంలో ఆగాల్సొచ్చింది. బ్రేకు మీద కాలు, క్లచ్ మీద కాలు, రెండూ తొక్కి పట్టుకుని కూర్చున్నా, పిక్కలు వణుకుతున్నాయి. ట్రాక్టరు కదిలింది. నేను బ్రేకు వదిలి ఎక్సలేటర్ మీదకి కాలు తెచ్చేలోపు బండి వెనక్కి జారింది. కంగారుపడి క్లచ్ ఒక్కసారి వదిలేశా, ఇంజను ఆగిపోయింది. అద్దంలో చూస్తే వెనక సైకిలు మీద కొబ్బరికాయల బస్తా వేసుకుని ఒకాయన. ఆయన మీదకి పోతున్నామని స్టీరింగు తిప్పేశాను. అంతే. ఎడమ పక్క వెనక చక్రం గట్టు దాటింది.

పెద్ద చప్పుడేం రాలేదమ్మలూ. మెత్తగా కూర్చున్నట్టు దిగింది. రేవు మెట్ల పక్క బురదలో తోక మునిగి ముక్కు ఆకాశం వైపు చూస్తూ ఆగింది. తలుపు కింద రబ్బరు పక్కనుంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి, ఎర్రనీళ్ళు, మెల్లగా, ఏ తొందరా లేనట్టు. వెనక సీటు మునిగింది, మా కాళ్ళు మునిగాయి. మీ అమ్మ అరవలేదు. ఫైలు ఎత్తి తల మీద పెట్టుకుంది, తడవకుండా. నన్ను చూసి "అక్కా, నీ చెప్పు తేలుతోంది" అంది. ఆ మాట ఇప్పటికీ రాత్రుళ్ళు వినిపిస్తుంది నాకు.

ఆ పిల్లలే దూకారు. వినాయకుణ్ణి ట్రాక్టరుకి కట్టిన మోకులు విప్పి మా బంపరుకి కట్టి లాగారు, ఇద్దరు విగ్రహాన్ని పడిపోకుండా పట్టుకుని నిలబడ్డారు అంతసేపూ. ముందు మీ అమ్మని చేతుల మీద ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టారు. బండి పైకొచ్చాక చూస్తే నెంబరు ప్లేటుకి గుర్రపుడెక్క ఒకటి పువ్వుతో సహా చుట్టుకుని ఉంది. డాక్టరమ్మ చూసి అంతా బానే ఉంది, బిడ్డ బానే ఉంది అంది. సంక్రాంతికి నువ్వు పుట్టావు. పుట్టిన దగ్గర్నుంచీ ఒకటే ఏడుపు, గొంతు మాత్రం ఆ రోజు ఊరందరూ అరిచిన అరుపంతా నీకే వచ్చింది.

ఇక్కడిదాకా మీ ఇంట్లో అందరికీ తెలుసు. తెలియంది ఇది. నేను ఊరందరికీ బ్రేకు ఫెయిలైంది అని చెప్పాను. మెకానిక్ చూసి "బ్రేకులు బానే ఉన్నాయండి టీచరుగారూ" అన్నాడు, ఉన్నాయిలే నువ్వు ఊరుకో అన్నాను, పాపం ఊరుకున్నాడు. బడి టీచర్ని, పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పేదాన్ని. ఎత్తు మీద బండి ఆపడం రాదు, ఎవరూ నేర్పలేదు, నేర్చుకోకుండానే కార్డు తీసుకున్నాను అని చెప్పడానికి నోరు రాలేదు. మీ అమ్మ అది నమ్మింది. కారన్నాక ఏ నిమిషానైనా బ్రేకు పోతుంది అని నమ్మింది. ఇరవై రెండేళ్ళు దాటింది, ఎవరి బండెక్కినా వెనకే కూర్చుంటుంది, కిటికీ పక్కన, తలుపు పిడి పట్టుకుని. నేను నిజం చెప్పుంటే అది నన్ను చూసి భయపడేది, కార్లని చూసి కాదు. ఇప్పుడు నిన్ను వద్దంటోందంటే ఆ తప్పు నాదేనే తల్లీ.

అందుకని ముందు ఇది నేర్చుకో, టెస్టులో హెచ్ ఆకారంలో వెనక్కి నడిపించే ఆ రివర్సు హెచ్ తర్వాత. ఎత్తు మీద ఆగగానే హ్యాండ్ బ్రేకు పైకి లాగు. కాళ్ళు కాస్త ఊపిరి తీసుకుంటాయి. కదలాలన్నప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వెయ్యి, ఎక్సలేటర్ కొంచెం ఇచ్చి క్లచ్ చీమ నడిచినట్టు వదులుతూ రా. ఒకచోట ఇంజను గొంతు మారుతుంది, బానెట్టు ముక్కు రవ్వంత పైకి లేస్తుంది, అదే హాఫ్ క్లచ్, అక్కడ కాలు బిగబట్టు. అప్పుడు హ్యాండ్ బ్రేకు దించు. బండి నీ మాట వింటుంది. వెనక ఎవడు హారన్ కొట్టినా కొట్టుకోనీ. ఇది నేను నలభై రెండేళ్ళ వయసులో, కాలవలో పడ్డ ఆర్నెల్లకి, ఒక లారీ డ్రైవరుగారిని బతిమాలి వారం రోజులు అదే వంతెన మీద నేర్చుకున్నా. కొన్ని టెస్టు ట్రాకుల్లో ఎత్తు మీద ఆపించి మళ్ళీ కదిలించమంటారు, మంచిదే. నిన్ను అడక్కపోతే నువ్వే అడుగు.

ఫెయిలైతే ఏడవకు. ఏడు రోజులాగి మళ్ళీ వెళ్ళొచ్చు. వరసగా మూడుసార్లు పోతే రెండు నెలలు ఆగాలి, అంతకంటే ఏం కాదు. ఫెయిల్ చేసే ఆఫీసరు దొరికితే దణ్ణం పెట్టిరా.

ఇంకా ఏమేవో ఉన్నాయి, గబగబా చెప్పేస్తా. కోతల రోజుల్లో రోడ్డు సగం ధాన్యమే, రాత్రి పట్టా కప్పి చుట్టూ రాళ్ళు పెడతారు, తెల్లారాక రాళ్ళు అక్కడే వదిలేస్తారు. గడ్డి ట్రాక్టరుకి వెనక లైటుండదు, ఉన్నా గడ్డి కప్పేస్తుంది. రొయ్యల వ్యాను ముందెళ్తుంటే నీళ్ళు కారుస్తుంది, దూరంగా ఉండు. నర్సాపురం వెళ్ళాలంటే సఖినేటిపల్లి రేవులో కారుని పంటు (బండ్లని గోదారి దాటించే పడవ) ఎక్కించడం ఏడాది దాకా పెట్టుకోకు, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పో, పెట్రోలు నేనిస్తా. కాలవ గట్టు మీద ఉన్నంతసేపు నీ పక్క అద్దం దించే ఉంచు, ఏసీ వేసుకున్నా సరే, వానొచ్చినా సరే. అందరూ నవ్వుతారు, నేనైతే ఇప్పటికీ దించే నడుపుతా, కుడి భుజం ఎప్పుడూ తడిసే ఉంటుంది. అన్నట్టు నీ వయసుకి లైసెన్సు ఇస్తే నలభై ఏళ్ళు నిండేదాకా చెల్లుతుందంట, ఫోటో బాగా దిగు, అన్నేళ్ళు అదే మొహం.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకి వస్తున్నా. సంచిలో రెండు ఇటుకలు తెస్తా, చక్రం వెనక పెట్టడానికి, లాకుల దగ్గర ఎండెక్కకముందే మొదలెడదాం. వచ్చాక ముందు మీ అమ్మతో ఒక గంట మాట్లాడాలి. నువ్వా గంటసేపు డాబా మీదకి పో, కిందనుంచి ఏం వినపడినా దిగొద్దు. మీ నాన్నకి షుగరు కాబట్టి పూతరేకులు బెల్లంవే తెస్తున్నా, ఆయనకి ఒక్కటే, మిగతావి దాచేయి.

మీ పెద్దమ్మ